గవర్నరు గారి రెండు కుర్చీలు

స్టాన్‌ఫర్డ్ అన్న పేరుకు మన ఇళ్లలో అష్టోత్తరంలో చేర్చుకోదగ్గ హోదా వచ్చింది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంటర్ చదివే పిల్లవాడి గది గోడకు ఆ ఎర్ర అక్షరం అతికించి ఉంటుంది. పెదనాన్న మనవడికి అక్కడ సీటొచ్చిందంటే ఆ వార్త అత్తాపూర్ నుంచి అట్లాంటా దాకా వాట్సాప్‌లో పాకుతుంది. సీటు రానివాళ్లూ నిరాశపడరు. బే ఏరియాలో ఉద్యోగం చేసే కొడుకు దగ్గరికి వేసవిలో వెళ్లినప్పుడు ఆ ప్రాంగణంలో నిలబడి ఫొటో దిగి, ఆ పేరున్న టీషర్టు ఒకటి కొనుక్కుని తీర్థయాత్ర ముగించుకొస్తారు. ఇంత భక్తి ఉన్నచోట స్థలపురాణం తెలియకపోవడం దోషం. ఆ దోష పరిహారార్థమే ఈ నాలుగు మాటలు.

విశ్వవిద్యాలయం పూర్తి పేరు లీలండ్ స్టాన్‌ఫర్డ్ జూనియర్ విశ్వవిద్యాలయం. అంటే పేరు కొడుకుది. పాపం ఆ పిల్లవాడు పదిహేనేళ్లకే, 1884లో, ఇటలీలోని ఫ్లారెన్స్‌లో టైఫాయిడ్‌తో పోయాడు. అతని మీద మనకే ఫిర్యాదూ లేదు. డబ్బు మాత్రం తండ్రిది, పురాణమూ తండ్రిదే. కాలిఫోర్నియా రాష్ట్రానికి 1862 జనవరి నుంచి 1863 డిసెంబరు దాకా గవర్నరుగా వెలిగిన లీలండ్ స్టాన్‌ఫర్డ్ గారిది.

ఆయన 1824లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. ప్లీడరీ చదివి, విస్కాన్సిన్‌లో పోర్ట్ వాషింగ్టన్ అనే ఊళ్లో బోర్డు కట్టాడు. 1852లో నిప్పంటుకుని ఆయన న్యాయశాస్త్ర గ్రంథాలు బూడిదయ్యాయి. తర్వాతి జీవితంలో వాటి అవసరం ఆయనకు పెద్దగా పడలేదు. అన్నదమ్ములు అప్పటికే కాలిఫోర్నియా చేరి కొట్టు పెట్టుకుని ఉన్నారు. ఈయనా వెళ్లి చేరాడు. అవి బంగారు వేట రోజులు. ఏట్లో నడుంలోతు నీళ్లలో నిలబడి ఇసుక జల్లించినవాళ్లలో చాలామంది వట్టి చేతులతో మిగిలితే, వాళ్లకు పిండీ పారలూ అమ్మినవాళ్లు షావుకార్లయ్యారు. స్టాన్‌ఫర్డ్ సోదరులు సాక్రమెంటోలో టోకు వర్తకులయ్యారు. గని ఎవరిదైనా కాటా మాత్రం తనదై ఉండాలన్న జ్ఞానం ఆయనకు అక్కడే కలిగి ఉంటుంది.

షావుకారుకు తర్వాత పట్టేది రాజకీయమే కదా. 1857లో రాష్ట్ర కోశాధికారి పదవికి నిలబడి ఓడాడు. 1859లో గవర్నరు పదవికి నిలబడి మళ్లీ ఓడాడు. ఉపన్యాసం ఆయనకు చేతకాదు; ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య శ్రోత చుట్ట వెలిగించుకోవచ్చు. 1861లో అంతర్యుద్ధం వచ్చి డెమోక్రాట్లు రెండు ముక్కలయ్యేసరికి, ఆ సందులోంచి రిపబ్లికన్ అభ్యర్థి గట్టెక్కాడు. ఎన్నిక సెప్టెంబరులో. అంతకు ముందే, జూన్‌లో, ఆయన ఇంకో పదవి చేపట్టి ఉన్నాడు: సెంట్రల్ పసిఫిక్ రైలు కంపెనీకి అధ్యక్షుడు. గవర్నరయ్యాక రెండిట్లో ఒక కుర్చీ ఖాళీ చేస్తాడని ఎవరైనా అనుకుని ఉంటే, వాళ్లకు కుర్చీల సంగతి తెలియదన్నమాట.

ఆ కంపెనీ పెద్దలు నలుగురు. హంటింగ్టన్, హాప్‌కిన్స్ ఇనప సామాను వ్యాపారులు. క్రాకర్ బట్టల కొట్టాయన. మనవాడు కిరాణా. నలుగురిలో ఒక్కరికీ రైలు వేయడం రాదు. వచ్చినవాడు థియొడోర్ జూడా అనే ఇంజనీరు. సియెర్రా పర్వతాల్లో దారి వెతికి, కొలిచి, పటం గీసి, వాషింగ్టన్‌కు తిరిగి చట్టం చేయించినవాడు అతనే. పని తెలిసినవాడికీ పెట్టుబడి పెట్టినవాళ్లకీ చెడితే ఎవరు బయటికి పోతారో వేరే చెప్పాలా? ఈ నలుగురినీ కొనేయగల షావుకార్ల కోసం 1863లో జూడా న్యూయార్క్‌కు ఓడెక్కాడు. పనామా దాటుతుండగా పచ్చ జ్వరం పట్టింది. నవంబరు 2న పోయాడు. కంపెనీకి కలిసొచ్చిన చావుల్లో అది మొదటిది.

ప్రమాణ స్వీకారం నాటికి సాక్రమెంటో ఊరంతా వరదలో మునిగి ఉంది. గవర్నరు గారు పడవలో వెళ్లి ప్రమాణం చేసి, పడవలోనే ఇంటికొచ్చి, పై అంతస్తు కిటికీలోంచి లోపలికి దిగారని చెబుతారు. దొడ్డిదారి ప్రవేశం ఆయనకు మొదటి రోజునుంచే అలవాటైందని అనుకోవడం మాత్రం అన్యాయం. ఆ రోజు నిజంగానే గుమ్మం నీళ్లలో ఉంది.

నీళ్ల మధ్య నిలబడి చేసిన ఆ తొలి ప్రసంగంలో ఆయన హెచ్చరించింది వరద గురించి కాదు, చైనా వాళ్ల గురించి. ఆసియా ఖండం తన జనాభాలోని మడ్డిని మన ఒడ్డుకు తోస్తోందనీ, ఆ నీచ జాతి ఉనికి మన ఉన్నత జాతిని చెడగొడుతుందనీ, వాళ్ల రాకను ఆపే ఏ చట్టానికైనా తన సహకారం ఉంటుందనీ దాని సారాంశం. మాట నిలబెట్టుకున్నాడు కూడా. నాలుగు నెలలు తిరక్కుండానే, 1862 ఏప్రిల్‌లో, తెల్ల కూలీలను చైనా కూలీల పోటీ నుంచి కాపాడే చట్టం అమల్లోకొచ్చింది. దాని ప్రకారం చాలా రకాల పనుల్లో ఉన్న చైనావాడు నెలకు రెండున్నర డాలర్ల పన్ను కట్టాలి. రాష్ట్ర సుప్రీంకోర్టే తర్వాత దాన్ని కొట్టేసింది. గవర్నరు గారి కీర్తిని మాత్రం ఎవరూ కొట్టేయలేదు.

ఇక రైలు. 1862 జులై 1న లింకన్ సంతకం చేసిన చట్టం ప్రకారం, కంపెనీ వేసే ప్రతి మైలుకూ ప్రభుత్వం బాండ్ల రూపంలో అప్పిస్తుంది. చదునైన నేల మీద మైలుకు 16,000 డాలర్లు. పర్వతాల మీద 48,000. దారి పొడవునా భూములు అదనం. 1864లో ఆ భూముల కోటా రెట్టింపు చేశారు. 1863 జనవరి 8న సాక్రమెంటోలో శంకుస్థాపన జరిగింది. గవర్నరు స్టాన్‌ఫర్డ్ గారు వచ్చి, కంపెనీ అధ్యక్షుడు స్టాన్‌ఫర్డ్ గారి పనికి తొలి పార మన్ను తీశారు. పెళ్లికొడుకూ పురోహితుడూ ఒకడే అయినప్పుడు ముహూర్తం విషయంలో తగాదా రాదు.

కట్నాల విషయంలోనూ రాలేదు. కంపెనీ వాటాలు జనం డబ్బుతో కొనడానికి కౌంటీలకు అనుమతినిచ్చే చట్టాలు ఆ ఏడాదే శాసనసభ దాటాయి. ప్లేసర్ కౌంటీ రెండున్నర లక్షల డాలర్లకు, సాక్రమెంటో మూడు లక్షలకు, శాన్‌ఫ్రాన్సిస్కో ఆరు లక్షలకు. కంపెనీ అధ్యక్షుడికి డబ్బొచ్చే బిల్లుల మీద సంతకం పెట్టే గవర్నరు ఎవరో మీకు తెలుసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దీని మీద ఓటింగు పెట్టారు. పోలింగు రోజున గవర్నరు గారి సోదరుడు ఫిలిప్ బండిలో వచ్చి, సంచిలోంచి బంగారు నాణేలు తీసి జనం మీదికి వెదజల్లాడని చూసినవాళ్లు ప్రమాణ పత్రాలు రాసిచ్చారు. ఓటుకు నోటు మన సొంత ఆవిష్కరణ అని గర్వపడేవాళ్లు ఇది చదివి తల దించుకోవాలి. వాళ్లు బంగారమే ఇచ్చారు. ఊరు తీర్మానాన్ని నెగ్గించింది, ఆనక కోర్టుకెక్కింది. చివరికి వాటాలేవీ వద్దని, 4 లక్షల డాలర్ల బాండ్లు ఊరికే ఇచ్చి దండం పెట్టింది.

కోర్టుల సంగతి కూడా గవర్నరు గారు మరిచిపోలేదు. 1863లో రాష్ట్ర సుప్రీంకోర్టులో ఒక స్థానం ఖాళీ అయితే ఎడ్విన్ క్రాకర్‌ను నియమించారు. ఈయన బట్టల కొట్టు క్రాకర్‌కు అన్న. కంపెనీకి వకీలు కూడా. జడ్జీ అయినంత మాత్రాన వకీలుతనం మానుకోవాలనే చాదస్తం ఆయనకూ లేదు.

వీటన్నిటికంటే నాకు నచ్చిన ఘట్టం కొండ నడవడం. పర్వతాల రేటు 48,000, మైదానం రేటు 16,000. అసలైన కొండలు మొదలయ్యేది సాక్రమెంటోకు ఇరవై మైళ్లకు పైగా తూర్పున. కానీ పర్వతం ఎక్కడ మొదలవుతుందన్నది శాస్త్ర విషయం, శాస్త్ర విషయాలను శాస్త్రజ్ఞులే తేల్చాలి. రాష్ట్ర భూగర్భ శాస్త్రజ్ఞుడు జోసయ్యా విట్నీ గారిని క్రాకర్ గారు బండిలో ఎక్కించుకుని వెళ్లారు. ఊరికి ఏడు మైళ్ల దూరంలో ఆర్కేడ్ క్రీక్ అనే చిన్న వాగు దగ్గర నేల కాస్త వాలుగా, మన్ను కాస్త వేరుగా కనిపించింది. సియెర్రా పర్వత పాదం ఇదేనని విట్నీ గారు తేల్చారు. గవర్నరు గారు పదవి దిగిన నెలకు, 1864 జనవరిలో, లింకన్ దాన్ని ఆమోదించాడు. ఆంజనేయుడు సంజీవని కొండను మోసింది ఒకడి ప్రాణం కోసం. వీళ్లు సియెర్రాను మోసింది మైలుకు 32,000 డాలర్ల తేడా కోసం. బరువెక్కువ ఎవరు మోశారో పండితులు తేల్చాలి. ఆ దారిలో ఇప్పుడు వెళ్లేవాళ్లకు ఆర్కేడ్ క్రీక్ దగ్గర పర్వతం కనిపించకపోతే తప్పు వాళ్ల కళ్లది.

న్యాయం చెప్పుకోవాలి. అంతర్యుద్ధంలో కాలిఫోర్నియా జారిపోకుండా లింకన్ పక్షాన నిలబెట్టడంలో ఆయన పాత్ర ఉంది. ఉపాధ్యాయుల శిక్షణ పాఠశాల ఆయన హయాంలోనే రాష్ట్ర సంస్థ అయింది. ఇవి చెప్పేశాను, ఇక ముందుకు పోదాం.

పదవి దిగాక అసలు పని మొదలైంది. తెల్ల కూలీలు కొండ దాకా వచ్చి, జీతం తీసుకుని, నెవాడా వెండి గనుల వైపు ఉడాయిస్తున్నారు. మనుషులు కావాలి, చవకగా కావాలి. అప్పుడు కంపెనీకి గుర్తొచ్చినవాళ్లెవరు? ఆసియా మడ్డి. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారే, అది. 1865 నుంచి వేల సంఖ్యలో చైనా వాళ్లను పెట్టుకున్నారు. పని జోరుగా సాగినప్పుడు పదివేలకు పైనే. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కు పంపిన నివేదికలో స్టాన్‌ఫర్డ్ గారు చైనావాడు నెమ్మదస్థుడు, శాంతపరుడు, ఓర్పు గలవాడు, కష్టజీవి, పొదుపరి అని కీర్తించారు. వాళ్లు లేకపోతే ఈ రైలు గడువులోగా పూర్తి కావడం అసాధ్యమన్నారు. నాలుగేళ్లు నిండకుండానే ఒక జాతి గుణగణాలు ఇంతగా మారిపోవడం మానవ చరిత్రలో అరుదు. ఉద్యోగమిచ్చి ఉద్ధరించడమంటే ఇదే కాబోలు.

తెల్లవాడికి జీతంతో పాటు కంపెనీ తిండి పెట్టేది. చైనావాడు తిండి తనే తెచ్చుకోవాలి. డానర్ కనుమ దగ్గర శిఖర సొరంగం పొడవు 1,659 అడుగులు, అంతా నల్లరాయి. రోజంతా సుత్తులతో కొట్టి, నైట్రోగ్లిజరిన్ పెట్టి పేలిస్తే అడుగో రెండడుగులో కదిలేది. శీతాకాలంలో మంచు చరియలు విరిగి గుడారాలను మనుషులతో సహా మింగేవి. 1867 జూన్‌లో వేలమంది చైనా కూలీలు పని ఆపేశారు. నెలకు 40 డాలర్లు, పది గంటల పని, సొరంగంలో ఇంకా తక్కువ గంటలు, ఇవీ అడిగినవి. గొడవ లేదు, దొమ్మీ లేదు. నివేదికలో రాసినంత శాంతంగానే సమ్మె చేశారు. కంపెనీ కూడా శాంతంగానే జవాబిచ్చింది: కొండ మీదికి తిండి సరఫరా ఆపేసింది. వారానికల్లా సమ్మె ముగిసింది. పొదుపరితనంలో ఎంతటివాడికైనా ఒక హద్దు ఉంటుంది.

ఎంతమంది చచ్చిపోయారో లెక్క లేదు. సుత్తులకూ మేకులకూ ఖాతా రాసిన కంపెనీ ఈ ఖాతా తెరవలేదు. జీతాల పుస్తకాల్లో చాలావరకు ముఠా మేస్త్రీల పేర్లే ఉంటాయి. 1870లో సాక్రమెంటో పత్రిక ఒకటి, చైనాకు చేరవేయడానికి రైల్లో వచ్చిన కూలీల ఎముకల గురించి రాస్తూ 20,000 పౌన్లని అంచనా కట్టింది. తలలు లెక్కపెట్టనివాళ్లు తూకం వేశారు.

1869 మే 10న యూటాలోని ప్రోమంటరీ దగ్గర తూర్పు పట్టాలూ పడమటి పట్టాలూ కలిశాయి. బంగారు మేకు, వెండి సుత్తి, బ్యాండు మేళం. చివరి ఇనప మేకుకు టెలిగ్రాఫ్ తీగ చుట్టారు, దెబ్బ పడగానే దేశమంతా వినిపించేలా. స్టాన్‌ఫర్డ్ గారు సుత్తి ఎత్తి కొట్టారు. తగల్లేదని అక్కడున్నవాళ్లు చెప్పుకున్నారు. అయితేనేం, పూర్తయిందని టెలిగ్రాఫ్ ఉద్యోగి తానే మీట నొక్కేశాడు, ఊరూరా గంటలు మోగాయి. 690 మైళ్ల దారిలో ఆయన స్వహస్తాలతో కొట్టబోయిన మేకు అదొక్కటే. ఆనాటి ప్రసిద్ధ ఛాయాచిత్రంలో సారా సీసాలు పట్టుకున్నవాళ్లు సైతం కనిపిస్తారు, చైనావాణ్ని వెతుక్కోవాలి.

రైలు వేసినందుకు కంపెనీ ఎవరికి బిల్లు చెల్లించింది? కాంట్రాక్ట్ అండ్ ఫైనాన్స్ కంపెనీ అనే నిర్మాణ సంస్థకు. దాని యజమానులు ఎవరు? మన నలుగురే. కాంట్రాక్టు ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే ఇల్లు. దీనికి వేరే వ్యాఖ్య అక్కర్లేని పాఠకులు మన దగ్గర కొల్లలు. దర్యాప్తు మాట వినిపించేసరికి ఆ సంస్థ ఖాతా పుస్తకాలు మాయమయ్యాయి. ఆయన జీవితంలో పుస్తకాలకు ఆయుర్దాయం తక్కువ.

నాబ్ హిల్ మీద రాజభవనం లాంటి ఇల్లు, గుర్రపు సాల, వేల ఎకరాల ద్రాక్షతోట, అన్నీ అమరాయి. వ్యంగ్య రచయిత ఆంబ్రోస్ బియర్స్ ఆయన పేరు రాసేటప్పుడు మొదటి అక్షరానికి పౌండు గుర్తు, ఇంటిపేరు మొదటి అక్షరానికి డాలరు గుర్తు వేసేవాడు. గుర్రాలంటే దొరవారికి ప్రాణం. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయా అని ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ చేత కెమెరాలు వరసగా పెట్టించి 1878లో ఫొటోలు తీయించారు. సినిమా పుట్టుకకు అదో మెట్టు. 1882లో ఆ ఫొటోల ఆధారంగా వచ్చిన పుస్తకం ముఖపత్రం మీద రాసిన డాక్టరు పేరుంది, పోషకుడు స్టాన్‌ఫర్డ్ గారి పేరుంది. ఫొటోలు తీసినవాడి పేరు లేదు. మైబ్రిడ్జ్ దావా వేసి ఓడాడు. సొరంగం తవ్వినవాళ్లతో పోలిస్తే అతను నయం, దావా అయినా వేయగలిగాడు.

1885లో సెనేటరయ్యాడు. ఆ సీటు ఆశించిన ఏరన్ సార్జెంటు తనకూ కంపెనీకీ పాత మిత్రుడే. మైత్రికి సీటు అడ్డు రాకూడదు కదా. 1887లో పసిఫిక్ రైళ్ల లెక్కలు తేల్చడానికి కాంగ్రెస్ ఒక కమిషన్ వేసింది. శాసనాలు చేసే చోట లంచాలకు ఖర్చయిన డబ్బెంత అన్నది ప్రశ్న. అదే కాంగ్రెస్‌లో సభ్యుడైన సెనేటరు స్టాన్‌ఫర్డ్ గారు వకీళ్ల సలహా మేరకు జవాబు చెప్పనన్నారు. కమిషన్ ఫెడరల్ కోర్టుకెళ్లింది. సాక్షి నోరు విప్పనక్కర్లేదని తీర్పొచ్చింది. తీర్పు చెప్పినవాళ్లలో ఒకరు స్టీఫెన్ ఫీల్డ్, ఇంకొకరు లొరెంజో సాయర్. ఇద్దరూ గొప్ప న్యాయమూర్తులు. ఇద్దరూ స్టాన్‌ఫర్డ్ గారు పెట్టబోయే విశ్వవిద్యాలయానికి ధర్మకర్తలు కూడా. ఆ ఏడాదే మే నెలలో దానికి పునాదిరాయి పడింది.

అక్కడి నుంచి ఆయనకు దయ పొంగుకొచ్చింది. కూలీలే యజమానులయ్యే సహకార సంఘాలకు మద్దతుగా సెనేట్‌లో బిల్లు పెట్టాడు. రైతుకు భూమి తాకట్టు మీద రెండు శాతం వడ్డీకే ప్రభుత్వం అప్పివ్వాలని 1890లో ఇంకోటి పెట్టాడు. తిండి ఆపేసి సమ్మె విరగ్గొట్టిన కంపెనీ అధ్యక్షుడి నోట కూలీల యాజమాన్యం! రెండు బిల్లులూ చట్టం కాలేదు. తన కంపెనీకి కావలసిన బిల్లులు నెగ్గించుకోవడంలో ఎన్నడూ తడబడని మనిషి ఈ రెండిటి దగ్గరే ఎందుకు నీరసించాడో.

1891 అక్టోబరు 1న విశ్వవిద్యాలయం తెరుచుకుంది. అప్పట్లో ట్యూషన్ ఫీజు లేదు, 1920 దాకా లేదు. ఇప్పుడు ఫీజు కోసం పొలం కాగితాలు బ్యాంకులో పెట్టే మన తండ్రులు ఆ సంగతి చదివి కాస్త ముందు పుట్టనందుకు విచారించవచ్చు. వ్యవస్థాపకుడు 1893లో కన్నుమూశాడు. రైలుకిచ్చిన అప్పు వసూలు కాదేమోనని ప్రభుత్వానికి అప్పుడు బెంగ పట్టుకుని, ఆయన ఆస్తి మీద కోటిన్నర డాలర్లకు దావా వేసింది. 1896లో సుప్రీంకోర్టు ఆ దావా చెల్లదంది. ఆ తీర్పు చెప్పిన ధర్మాసనం ఉన్న కోర్టులో అప్పటికీ ఫీల్డ్ గారు సభ్యులే.

భర్త పోయాక విశ్వవిద్యాలయాన్ని కంటికి రెప్పలా కాచింది జేన్ స్టాన్‌ఫర్డ్. 1900లో ఎడ్వర్డ్ రాస్ అనే సామాజిక శాస్త్ర ఆచార్యుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సభలో మాట్లాడాడు. ఆసియా నుంచి చవక కూలీలు దిగుమతి అవుతున్నారనీ, వాళ్లను ఆపాలనీ, లేకపోతే మన జాతికి ముప్పనీ. మనసు నిండా జాతి ద్వేషం పెట్టుకున్న ప్రసంగమే అది. ఊళ్లో ట్రాము రైళ్లు ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండకూడదని కూడా అతను అంతకు ముందు అని ఉన్నాడు. ఇలాంటివాడు తమ సంస్థలో ఉండడానికి వీల్లేదని జేన్ గారు పట్టుబట్టారు. నవంబరులో రాస్‌ను సాగనంపారు. అది అన్యాయమని మరికొందరు ఆచార్యులు కూడా రాజీనామా చేసి పోయారు. కూలీల గురించి దాదాపు అవే మాటలు 1862 జనవరిలో చెప్పినవాడికి రాష్ట్రం గవర్నరు కుర్చీ ఇచ్చింది. రాస్ చేసిన తెలివితక్కువ పనల్లా, నోరు తెరిచే ముందు ఒక రైలు కంపెనీ పెట్టుకోకపోవడం.